స్కౌట్ ట్రూపుకి హామ్ రేడియో రోజు: మైకు పిల్లల చేతికి అందేలా ఎలా నడపాలి

హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో. హామ్ రేడియో రోజు చెడిపోయే తీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. పెద్దాయన ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని డయల్ తిప్పుతుంటారు. ఇరవై మంది పిల్లలు వెనక నిలబడి ఆయన వీపు చూస్తుంటారు. పావుగంట గడిచేసరికి సగం మంది మైదానంలో బంతి వెంట పడతారు. తప్పు పిల్లలది కాదు, రేడియోదీ కాదు. రేడియో బల్ల దగ్గర ఒకేసారి ఆరుగురికి మించి పని ఉండదు. మిగతా చేతులకి పని పెట్టకపోవడమే తప్పు.

కాబట్టి ట్రూపులో 24 మంది ఉంటే ఆరుగురేసి నాలుగు జట్లు (స్కౌట్ల మాటలో పెట్రోల్), నాలుగు బల్లలు అనుకోండి. ఒకటి మైకు, ఒకటి మోర్స్ బజర్ తయారీ, ఒకటి నక్క వేట (దాచిన ట్రాన్స్‌మిటర్‌ని వెతకడం), ఒకటి వినికిడి బల్ల. ఒక్కో దగ్గర 40 నిమిషాలు, మారడానికి 5 నిమిషాలు. మూడు గంటల్లో అందరూ అన్నీ చేస్తారు. యాంటెన్నా ఎత్తడం మాత్రం పొద్దున్నే అందరూ కలిసి చేయాల్సిన పని, దాన్ని బల్లల లెక్కలో కలపకండి.

లైసెన్సు సంగతి ముందు

రెండు నెలల ముందే దగ్గర్లోని హామ్ క్లబ్బుని పట్టుకోండి. లైసెన్సు ఉన్న ఆపరేటరు లేనిదే ప్రసారం లేదు. ఆయన పక్కన కూర్చుని మైకు మీట (మాట్లాడేటప్పుడు నొక్కేది) మీద అదుపు ఉంచుకుంటే లైసెన్సు లేని పిల్లలు మైకులో మాట్లాడవచ్చా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల మాట్లాడనిస్తారు, కొన్నిచోట్ల ఒప్పందం ఉన్న దేశాలతోనే, కొన్నిచోట్ల అసలు కుదరదు. దీన్ని మూడో వ్యక్తి సందేశాల నియమం అంటారు. మీ ఆపరేటరు లైసెన్సు షరతుల్లో ఏముందో ఆయన చేతే చదివించుకోండి, "ఏం ఫర్వాలేదులెండి" అంటే ఒప్పుకోకండి. ప్రత్యేక కాల్‌సైన్ (స్టేషనుని గుర్తించే అక్షరాలు, అంకెలు) కావాలంటే దరఖాస్తు కూడా ఇప్పుడే పెట్టాలి.

మాట్లాడనివ్వని చోట కూడా రోజు పాడవదు. పిల్లలు వింటారు, లాగ్ (విన్నవాటి, మాట్లాడినవాటి పట్టిక) రాస్తారు, బజర్ చేస్తారు, నక్క వేటలో రిసీవరు పట్టుకుని తిరుగుతారు. మైకు ఒక్కటే ఆపరేటరు దగ్గర ఉంటుంది. అప్పుడు పిల్లలు రాసిచ్చిన ప్రశ్నలు ఆయన అడగవచ్చా అన్నదీ తేల్చుకోండి, కొన్నిచోట్ల అదీ మూడో వ్యక్తి సందేశం కిందికే వస్తుంది.

తేదీ ఎంచుకునే వీలుంటే అక్టోబరు మూడో వారాంతం పెట్టుకోండి. అది జాంబోరీ ఆన్ ది ఎయిర్, అంటే స్కౌట్లు హామ్ రేడియో మీద కలుసుకునే వారాంతం. అందరూ జోటా అంటారు. 1957లో ఇంగ్లండులోని సటన్ పార్కు జాంబోరీలో కలిసిన హామ్ స్కౌట్ల మధ్య పుట్టిన ఆలోచన ఇది. లెస్ మిచెల్ అనే ఆయన పూనుకోగా 1958 మేలో మొదటిసారి జరిగింది. జోటా వారాంతంలో మీరు పిలిస్తే అవతల పలికేది కూడా పిల్లలే అయ్యే అవకాశం ఎక్కువ. మామూలు వారాంతంలో పలికే హాములు చాలామంది "59 (బాగా వినబడుతోంది), థ్యాంక్యూ" అని వెళ్లిపోతారు.

యాంటెన్నా: కొలిచేది, కట్టేది పిల్లలే

20 మీటర్ల బ్యాండుకి (తరంగం పొడవు దాదాపు 20 మీటర్లుండే ఫ్రీక్వెన్సీలు) సగం తరంగదైర్ఘ్యపు డైపోల్, అంటే రెండు తీగ చేతుల యాంటెన్నా, చాలు. పగటిపూట దూరాలకి అదే నమ్మకమైన బ్యాండు. పొడవు లెక్క: 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి, మీటర్లలో మొత్తం పొడవు వస్తుంది. 14.25కి 10.03 మీటర్లు, అంటే ఒక్కో చేయి 5 మీటర్లు. కానీ ఒక్కో చేయి 5.3 మీటర్లు కత్తిరించండి. పొడవు తగ్గించడం సులభం, అతకడం తలనొప్పి.

కావలసినవి: ప్లాస్టిక్ తొడుగున్న 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 11 మీటర్లు, మధ్యలో కట్టడానికి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక ఒకటి, చివరలకి రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండు, 50 ఓమ్‌ల కోయాక్సియల్ కేబుల్ 20 మీటర్లు, నైలాన్ తాడు 40 మీటర్లు, లోహం కాని 8 మీటర్ల గడ ఒకటి. చెట్టు కొమ్మ ఉంటే గడ అక్కర్లేదు.

పలక మధ్యలో రెండు చేతుల్నీ విడివిడిగా బిగించి, కేబుల్ లోపలి తీగ ఒక చేతికి, జల్లెడ తీగ (దాని చుట్టూ అల్లిన తీగ) రెండో చేతికి టంకం వేయండి. బరువు టంకం మీద పడకూడదు, కేబుల్‌ని పలకకి కట్టేయాలి. ఆ వెంటనే కింద కేబుల్‌ని 15 సెంటీమీటర్ల వెడల్పున 8 నుంచి 10 చుట్లు చుట్టి టేపు వేయండి. దీన్ని మానేస్తే ప్రసారపు కరెంటు కేబుల్ పైపొర మీదుగా కిందికి దిగి రేడియో దాకా వస్తుంది. మైకు లోహం పెదవికి తగిలితే చురుక్కుమంటుంది, పక్కన ల్యాప్‌టాప్ ఉంటే మౌస్ పనిచేయడం మానేస్తుంది. ఒకసారి చురుక్కుమంటే ఆ పిల్ల మళ్లీ మైకు ముట్టదు.

తలకిందుల వి ఆకారంలో ఎత్తండి. మధ్య భాగం 8 మీటర్ల ఎత్తున, రెండు చేతుల మధ్య కోణం 90 డిగ్రీలకి తగ్గకుండా, చివరలు ఎవరి చేతికీ అందనంత పైన ఉండాలి. ప్రసారం జరిగేటప్పుడు ఎక్కువ వోల్టేజీ ఉండేది ఆ చివరల్లోనే, ముట్టుకుంటే కాలుతుంది. గడకి మూడు వైపులా 120 డిగ్రీల దూరంలో తాళ్లు లాగాలి. బౌలైన్, క్లోవ్ హిచ్, టాట్‌లైన్ హిచ్ ముళ్లు పుస్తకంలో నేర్చుకున్నవాళ్లకి అవి దేనికో తెలిసేది ఇక్కడే, కాబట్టి పెద్దలు చేతులు కట్టుకుని నిలబడాలి. తాళ్లకి రంగు గుడ్డ ముక్కలు కట్టండి, లేకపోతే పరిగెత్తేవాళ్లు తట్టుకుని పడతారు.

ఒక్క విషయంలో మాత్రం పెద్దలే చూసుకోవాలి. గడ ఎటు పడినా కరెంటు తీగలకి తగలకూడదు, గడ ఎత్తుకి రెట్టింపు దూరం వదలండి. ఉరుము వినబడితే కేబుల్ రేడియో నుంచి పీకేసి అందరూ లోపలికి రావాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి వద్దు.

ఇక సవరణ. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టండి. యాంటెన్నా రేడియోకి ఎంత బాగా సరిపోయిందో చెప్పేది అది, 1కి ఎంత దగ్గరైతే అంత మేలు. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అన్నిటికన్నా తక్కువ ఉందో చూడండి. తొడుగున్న తీగ కాబట్టి, లెక్కకన్నా కింద ఫ్రీక్వెన్సీలోనే తేలుతుంది. పిల్లలకి ఈ లెక్క ఇవ్వండి: ఇప్పటి పొడవుని ఇప్పుడు తేలిన ఫ్రీక్వెన్సీతో గుణించి, కావలసిన ఫ్రీక్వెన్సీతో భాగించాలి. మొత్తం 10.4 మీటర్లుండి 13.7 దగ్గర తేలితే 10.4 × 13.7 ÷ 14.25, అంటే 10 మీటర్లు. ఒక్కో చివర 20 సెంటీమీటర్లు తగ్గించాలి. కోయకుండా వెనక్కి మడిచి అదే తీగకి చుట్టేయండి, ఎక్కువైతే విప్పుకోవచ్చు. 1.5 లోపు వస్తే ఆపేయండి. 1.1 కోసం గంట తినే పెద్దలు ప్రతి క్లబ్బులో ఉంటారు, వాళ్లకి టీ ఇచ్చి కూర్చోబెట్టండి. ఎక్కడా తగ్గకుండా మీటరు పైనే ఉంటే పొడవుని అనుమానించకండి. కనెక్టరులో జల్లెడ తీగ వెంట్రుక ఒకటి లోపలి తీగకి తగులుతోందా అని చూడండి, చాలాసార్లు అదే.

బ్యాటరీ, తీగలు, రొద

100 వాట్ల రేడియో పూర్తి బలంతో ప్రసారం చేస్తే 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల పైనే లాగుతుంది. దాన్ని 50 వాట్లకి తగ్గించండి. అవతలివాళ్లకి తేడా 3 డెసిబెల్స్, అంటే వాళ్ల ఎస్ మీటరులో (సిగ్నల్ బలం చూపేది) సగం గీత. కరెంటు చాలా మిగిలినా ఎవరూ గమనించరు. అప్పుడు వినడం, మాట్లాడడం సగం సగం అనుకుంటే సగటున 3 నుంచి 4 ఆంపియర్లు. 20 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మధ్యాహ్నం దాటి వస్తుంది.

ఇక్కడ దెబ్బ తినేది సన్నని తీగల వల్ల. ఒక చదరపు మిల్లీమీటరు తీగ రెండు మీటర్లు వాడితే, రాకపోకలు కలిపి నాలుగు మీటర్లు, 20 ఆంపియర్ల దగ్గర 1.4 వోల్టులు తీగలోనే పోతాయి. మైకు నొక్కి గట్టిగా మాట్లాడగానే రేడియో ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. రేడియో పాడైందనుకుంటారు, అది తీగ తప్పు. 4 చదరపు మిల్లీమీటర్లది వాడండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే ఉండాలి, రేడియో దగ్గర కాదు. మధ్యలో తీగ నలిగితే కాపాడేది అదే.

బజ్జుమనే రొద ఉంటే చిన్న ఏఎం రేడియో చేతికిచ్చి గదంతా తిరగమనండి. ఎల్‌ఈడీ దీపాలు, ఫోన్ చార్జర్లు దొరుకుతాయి. పిల్లలు వీటిని పెద్దలకన్నా త్వరగా పట్టేస్తారు.

హెడ్‌ఫోన్ మీద కాక, బయటి స్పీకరు మీద నడపండి. వినబడనివాళ్లకి ఆసక్తి ఉండదు.

మైకు బల్ల

జోటాలో స్కౌట్లు ఎక్కువగా కలిసేది 14.290 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల. 40 మీటర్లలో 7.090, 15 మీటర్లలో 21.360, 10 మీటర్లలో 28.390. ఇవి కలుసుకునే చోట్లు మాత్రమే. ఎవరైనా దొరికాక పక్కకి జరిగి మాట్లాడుకోవాలి. గొంతుని పంపే విధానం రెండు రకాలు, రేడియోలో మీట తిప్పి ఎంచుకోవాలి: 40 మీటర్లలో కింది సైడ్‌బ్యాండు, 20, 15, 10 మీటర్లలో ఎగువ సైడ్‌బ్యాండు వాడతారు. గొంతు బాతు అరుపులా వినిపిస్తుంటే, డయల్ ఎంత తిప్పినా మనిషి గొంతు కాకపోతే, సైడ్‌బ్యాండు తప్పు పెట్టారన్నమాట.

మైకు ముందు నోరు పెగలకపోవడం అన్నిటికన్నా పెద్ద అడ్డంకి. పక్కింటి మేడ మీంచి అరిచే పిల్లాడు కూడా మీట నొక్కగానే మూగవాడవుతాడు. దీనికి మందు చిన్న కార్డు, ముందురోజు సాధన. కార్డు మీద అయిదు వరుసలు చాలు: నా పేరు, నా వయసు, మా ట్రూపు ఉన్న ఊరు, ఇవాళ నేను చేసిన పని, మీకు నా ప్రశ్న. ప్రశ్న "అవును, కాదు"తో ముగిసేది కాకూడదు. "మీకు క్యాంపింగ్ ఇష్టమా?" అంటే "అవును, ఓవర్"తో కథ అయిపోతుంది. "మీరు ఆఖరిసారి క్యాంపు వేసినప్పుడు రాత్రి ఏం వండారు?" అని అడిగితే అవతలివాళ్లు చెబుతూ పోతారు.

సాధనకి ఇద్దరిని వీపులు ఆనించి కూర్చోబెట్టండి. ఒకరి ముఖం ఒకరికి కనబడకూడదు. ఒక చెంచా మైకు. మాట ముగిస్తే "ఓవర్" అనాలి, అనకపోతే రెండోవాళ్లు పలకకూడదు. పావుగంటలో అలవాటవుతుంది. తమ పేరుని ఆల్ఫా, బ్రావో, చార్లీ పద్ధతిలో చెప్పడం కూడా అప్పుడే నేర్పండి, పూర్తి పట్టిక బట్టీ అక్కర్లేదు.

అసలు మైకు దగ్గర: మీట నొక్కి, మనసులో ఒకటి లెక్కపెట్టి, అప్పుడు మొదలుపెట్టాలి. లేకపోతే మొదటి అక్షరాలు తెగిపోతాయి, "రాజు" కాస్తా "జు" అవుతుంది. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకి. అరిస్తే గొంతు పగులుతుంది కానీ దూరం పోదు.

గోప్యత మీద రాజీ లేదు. మొదటి పేరు, ఊరు, అంతవరకే. ఇంటి పేరు, బడి, చిరునామా, ఫోన్ నంబరు గాలిలోకి పోకూడదు, దీన్ని వినేవాళ్లెవరో మీకు తెలియదు. అడిగినా చెప్పక్కర్లేదని పిల్లలకి ముందే చెప్పండి.

పిలుపు ఆపరేటరు మొదలుపెడతారు: "సీక్యూ జాంబోరీ" (సీక్యూ అంటే వినేవాళ్లెవరైనా పలకండి అని), కాల్‌సైన్ రెండుసార్లు, వినడం. పలికినవాళ్లకి "ఇక్కడ పిల్లలు క్యూలో ఉన్నారు, అయిదు నిమిషాలు వీలవుతుందా?" అని చెప్పి అప్పుడు మైకు ఇవ్వాలి. ఎవరూ పలకని అరగంటలు వస్తాయి, తప్పకుండా వస్తాయి. అందుకని తెలిసిన హాములు ఇద్దరిని ఇళ్లలో సిద్ధంగా ఉండమని ముందే అడిగి పెట్టుకోండి, అవసరమైతే ఫోన్ చేస్తే దగ్గరి దూరాలకి వాడే రెండు మీటర్ల బ్యాండు ఎఫ్‌ఎమ్ మీద పలుకుతారు. ఇది మోసమేమీ కాదు. ఖండాల అవతలి నుంచి వచ్చిన రెండు ముక్కలకన్నా పక్క ఊరి ట్రూపుతో పది నిమిషాల కబుర్లు పిల్లలకి ఎక్కువ గుర్తుంటాయి.

మోర్స్ బజర్ బల్ల

ఒక్కొక్కరికీ కావలసినవి: 555 టైమరు చిప్, 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఒకటి, 100 కిలో ఓమ్‌లది ఒకటి, 100 ఓమ్‌లది ఒకటి, 10 నానోఫారడ్ కెపాసిటర్లు రెండు, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఒకటి, 8 ఓమ్‌ల చిన్న స్పీకరు, 9 వోల్టుల బ్యాటరీ, క్లిప్పు, చిన్న బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చే రంధ్రాల పలక). పదేళ్ల లోపు పిల్లలకి టంకం వద్దు, బ్రెడ్‌బోర్డే మేలు.

చిప్ మీద గాడి ఎడమవైపు వచ్చేలా పెడితే కింది వరుసలో ఎడమ నుంచి 1, 2, 3, 4 కాళ్లు, పై వరుసలో కుడి నుంచి 5, 6, 7, 8. 4, 8 కాళ్లు కలిపి ప్లస్‌కి. 1 మైనస్‌కి. 7, 8 మధ్య 10 కిలో ఓమ్‌లు. 6, 7 మధ్య 100 కిలో ఓమ్‌లు. 2, 6 కలపాలి. 2 నుంచి మైనస్‌కి 10 నానోఫారడ్, 5 నుంచి మైనస్‌కి మరొకటి. 3 నుంచి 100 ఓమ్‌లు, ఆ తర్వాత 10 మైక్రోఫారడ్ ప్లస్ కాలు, దాని మైనస్ కాలు స్పీకరుకి, స్పీకరు రెండో కొస మైనస్‌కి. బ్యాటరీ ప్లస్ తీగ మధ్యలో కీ వస్తుంది. దాదాపు 690 హెర్ట్జ్ స్వరం పలుకుతుంది, మోర్స్‌కి చెవికి ఇంపైన స్థాయి అదే.

కీ కోసం అరచేతంత చెక్క, రెండు ఇత్తడి డ్రాయింగ్ పిన్నులు, టిన్ను రేకు పట్టీ ఒకటి. పట్టీ అంచులు మడిచి సుత్తితో అణచండి, కోసుకుంటుంది. ఒక కొస ఒక పిన్నుతో బిగించి, రెండో కొస రెండో పిన్నుకి మూడు మిల్లీమీటర్ల పైన తేలేలా వంచండి.

పలకకపోతే ఈ వరుసలో చూడండి. చిప్ వేడెక్కుతోందా? తిరగేసి పెట్టారు, వెంటనే బ్యాటరీ పీకండి. స్వరానికి బదులు టపటపమని గొణుగుతోందా? 103 అని రాసి ఉన్న కెపాసిటరుకి బదులు 104 పెట్టారు, స్వరం పదో వంతుకి పడిపోయింది. అసలు నిశ్శబ్దమా? 2, 6 కలిపే తీగ మర్చిపోయారు. ఎక్కువమంది మర్చిపోయేది అదే.

నేర్పేటప్పుడు చుక్కలు, గీతలు కాగితం మీద చూపించకండి. చెవితో నేర్పండి: చుక్క ఒక పాలు, గీత మూడు పాళ్లు, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. అక్షరాన్ని వేగంగానే పలికించి, అక్షరాల మధ్య ఖాళీ పెంచండి. నెమ్మదిగా చుక్కలు లెక్కపెట్టడం అలవాటైతే తర్వాత అది వదలదు. 40 నిమిషాల్లో తమ పేరు కొట్టడం వస్తే చాలు.

నక్క వేట

తక్కువ బలంలో, అర వాటు లేదా అంతకన్నా తక్కువలో, పనిచేసే రెండు మీటర్ల వాకీటాకీని డబ్బాలో పెట్టి దాచండి. నిమిషానికి 30 సెకన్లు పలికి, కాల్‌సైన్ చెప్పి ఆగేలా ఉండాలి. దాన్ని దాచేది, నడిపేది లైసెన్సు ఉన్నవారే. వెతికేవాళ్లు వినడమే.

యాంటెన్నాకి 25 మిల్లీమీటర్ల వెడల్పు ఇనప కొలత టేపు ముక్కలు, పీవీసీ గొట్టం చాలు. వెనక ముక్క 105 సెంటీమీటర్లు. దానికి 20.3 సెంటీమీటర్ల ముందు, మధ్య ముక్క: 45 సెంటీమీటర్ల చేతులు రెండు, నడుమ 2.5 సెంటీమీటర్ల ఖాళీ. అక్కడి నుంచి 31.8 సెంటీమీటర్ల ముందు 89 సెంటీమీటర్ల ముక్క. మధ్య చేతులు రెంటికీ కేబుల్ టంకం వేసి, వాటి మీదుగా 12.7 సెంటీమీటర్ల తీగని యు ఆకారంలో వంచి అతకండి. టేపు మీద రంగు గీకకపోతే టంకం పట్టదు. కొసలకి టేపు చుట్టండి, కత్తిలా ఉంటాయి. ఇవి 146 మెగాహెర్ట్జ్ పైచిలుకుకి సరిపోయే కొలతలు, 145 దగ్గర వినడానికి ఏ ఇబ్బందీ ఉండదు.

నక్క యాంటెన్నా నిలువుగా ఉంటే చేతిలోది కూడా నిలువుగానే పట్టుకోవాలి. అడ్డంగా పట్టుకుంటే బలం ఎంతో పడిపోయి, దిక్కు కూడా తప్పుతుంది. మూడు చోట్ల నుంచి బలమైన దిక్కుని దిక్సూచితో కొలిచి మ్యాపు మీద గీతలు గీయించండి. అయస్కాంత ఉత్తరానికీ మ్యాపు ఉత్తరానికీ తేడా కలపడం మర్చిపోతే మూడు గీతలూ ఒకే పక్కకి జరుగుతాయి. గీతల్లో ఒకటి మాత్రమే ఎటో పోతే దగ్గర్లో రేకుల షెడ్డో గోడో ఉంది, ప్రతిధ్వని విన్నారు. ఆ చోటు మార్చాలి.

చివరి 50 మీటర్లలో అందరూ తికమక పడతారు, మీటరు ఎటు తిప్పినా నిండుగానే ఉంటుంది. అప్పుడు ఫ్రీక్వెన్సీ 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ పక్కకి జరపండి, బలం తగ్గి దిక్కు మళ్లీ తెలుస్తుంది. అదీ చాలకపోతే యాంటెన్నా తీసేసి, రేడియోని ఛాతీకి ఆనించి నెమ్మదిగా ఒక చుట్టు తిరగాలి. శబ్దం అన్నిటికన్నా తగ్గినప్పుడు నక్క సరిగ్గా వీపు వెనక ఉంటుంది.

వినికిడి బల్ల, తర్వాత సర్దుకోవడం

నాలుగో బల్లకి పెద్ద సిద్ధం అక్కర్లేదు. రెండో రిసీవరు, ప్రపంచ పటం, రంగు గుండుసూదులు. విన్న కాల్‌సైన్ మొదటి అక్షరాలని బట్టి దేశం కనిపెట్టి సూది గుచ్చడమే ఆట: జేఏ జపాన్, వీకే ఆస్ట్రేలియా, జీ ఇంగ్లండు, వీయూ భారత్, డబ్ల్యూ అమెరికా. లాగ్‌లో సమయం యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయం) రాయించండి. సొంత ఊరి సమయం రాస్తే తర్వాత మాట్లాడినట్టు ఒకరికొకరు పంపుకునే ధ్రువీకరణ కార్డులు కలవవు, కొన్నిసార్లు తేదీ కూడా మారిపోతుంది. కాల్‌సైన్, సమయం, ఫ్రీక్వెన్సీ, విధానం, ఇచ్చిన రిపోర్టు, వచ్చిన రిపోర్టు, పిల్లల మొదటి పేరు, ఇంతే గళ్లు.

యాంటెన్నా దించేటప్పుడు తీగని మోచేతి చుట్టూ చుట్టకండి, మెలికలు పడి వచ్చే ఏడాది గంట తింటుంది. చెక్క ముక్క మీద ఎనిమిది ఆకారంలో చుట్టి, "20 మీ, 14.25" అని రాసి కట్టండి.